మాట వినడం, విధేయత: తెలుగు కతోలిక నిత్యజీవితంలో దైవశ్రవణం

సంక్షిప్తం

తెలుగులో ‘మాట వినడం’ అనే నుడికారం చెవితో వినడాన్ని, విన్నట్టు నడుచుకోవడాన్ని ఒకేసారి సూచిస్తుంది. కతోలిక బోధలో దేవునికి విధేయత అంటే ఈ రెండూ కలిసిన ఒకే క్రియ. అయితే మతవ్యవహారంలో స్థిరపడిన ‘విధేయత’ అనే పదంలో వినికిడి కనిపించదు. పైగా విధేయత అన్న భావానికి తెలంగాణ గ్రామీణ జ్ఞాపకంలో గడీల నాటి నీడ ఉంది. ఈ భాషాభేదం కతోలికుల ప్రార్థనలో, వాక్యపఠనంలో, కుటుంబ నిర్ణయాల్లో ఎలా పనిచేస్తుందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: మాట వినడం, విధేయత, శుశ్రూష, ఆలకించు, అంతరాత్మ, దాసి, కతోలిక తెలుగు, తెలంగాణ.

1. ఉపోద్ఘాతం

మర్కూక్ పరిసర గ్రామాల్లో ఒక తల్లి ‘మా పోరడు మాట ఇంటలేడు’ అని వాపోతే, ఆ పిల్లవాడికి చెవులు వినబడవని ఎవరూ అనుకోరు. వాడు విన్నాడు, విన్నట్టు నడుచుకోలేదు. అదే ఆమె ఫిర్యాదు. శిష్టవ్యవహారంలో ‘విను’గా, తెలంగాణ వాడుకలో ‘ఇను’గా పలికే ఈ క్రియ తెలుగు నేల అంతటా రెండు పనులను ఒక్క మాటలో మోస్తున్నది. ‘నా మాట విను’ అనే వాక్యం ఒక సందర్భంలో బతిమాలడం, మరొక సందర్భంలో ఆజ్ఞ, ఇంకొక సందర్భంలో హెచ్చరిక.

బైబులు మూలభాషల్లోనూ ఈ కలయిక ఉంది. హీబ్రూలోని ‘షామా’ అనే ధాతువుకు వినడం, విని పాటించడం అనే రెండర్థాలూ ఉన్నాయి. గ్రీకులో విధేయతకు వాడే ‘హుపకోయే’ అనే పదం వినడమనే అర్థంగల ‘అకూఓ’ నుంచి పుట్టింది. లాటిన్ ‘ఒబెదీరె’లో ‘ఔదీరె’, అంటే వినడం, దాగి ఉంది. 1992లో ఆమోదం పొందిన కతోలిక శ్రీసభ సత్యోపదేశ గ్రంథం తన 144వ పేరాలో ఈ లాటిన్ వ్యుత్పత్తినే ఆధారంగా తీసుకొని, విశ్వాసంలో విధేయత అంటే విన్న వాక్కుకు స్వేచ్ఛగా తన్ను తాను అప్పగించుకోవడమని వివరిస్తుంది. ఆ వివరణలో ‘విన్న’, ‘స్వేచ్ఛగా’ అనే రెండు మాటలూ ముఖ్యమైనవే. వాటిలో ఏది జారిపోయినా మిగిలేది వేరొక వస్తువు.

మర్కూక్ 2016 అక్టోబరు 11న ఏర్పడిన సిద్దిపేట జిల్లాలోని మండలకేంద్రం. అంతకుముందు ఈ ప్రాంతం మెదక్ జిల్లాలో భాగం. గోదావరి జలాలను ఎత్తిపోసి నింపే కొండపోచమ్మ సాగర్ వల్ల 2020 నుంచి ఈ పేరు రాష్ట్రమంతటికీ పరిచయమైంది. మెదక్ క్రైస్తవం అనగానే చాలామందికి 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠితమైన మహాదేవాలయం గుర్తుకువస్తుంది. అది దక్షిణ ఇండియా సంఘానిది, కతోలికులది కాదు. కతోలిక పరిపాలనలో పూర్వపు మెదక్ జిల్లా ప్రాంతం హైదరాబాదు అగ్రపీఠం పరిధిలోనిది. హైదరాబాదు 1886లో మేత్రాసనంగా, 1953లో అగ్రపీఠంగా ఏర్పడింది. ఆ పీఠాధిపతి పూల ఆంథోని 2022 ఆగస్టు 27న కార్డినల్ అయ్యారు. ఆ స్థానానికి చేరిన తొలి తెలుగువారు, తొలి దళితుడు ఆయనే.

ఇది ఒక విచారణకు సంబంధించిన క్షేత్రపర్యటన నివేదిక కాదు. ఈ ప్రాంతపు తెలుగును, కతోలిక ఆరాధనలోని తెలుగును ఎదురెదురుగా పెట్టి చూసే ప్రయత్నం.

2. చెవి మాటలు, తల మాటలు

విధేయతను చెప్పే తెలుగు నుడికారాలను పరిశీలిస్తే అవి రెండు అవయవాల చుట్టూ చేరినట్టు కనిపిస్తుంది. ఒకటి చెవి. చెవియొగ్గడం, చెవిన వేయడం, చెవికెక్కడం, పెడచెవిన పెట్టడం ఈ వర్గానివి. రెండవది తల. తలవంచడం, తలొగ్గడం, ఔదల దాల్చడం, శిరసావహించడం ఆ వర్గానివి. చెవి మాటల్లో చెప్పేవాడూ వినేవాడూ ఇద్దరూ ఉంటారు. మాట ఒకరినుంచి మరొకరికి ప్రయాణం చేయాలి, మధ్యలో అర్థం కావాలి. తల మాటల్లో ఆ ప్రయాణం లేదు. ఆజ్ఞ నేరుగా నెత్తిమీదికి ఎక్కుతుంది. శిరసావహించేవాడు విన్నాడో లేదో ఆ మాట చెప్పదు.

‘విధేయత’ అనే సంస్కృత సమం ఈ రెంటిలో దేనికీ చెందదు. ‘వి’ పూర్వకమైన ‘ధా’ ధాతువునుంచి వచ్చిన ‘విధేయ’ శబ్దానికి విధింపదగినది, ఏర్పాటు చేయదగినది అని అర్థం. వ్యాకరణంలో ఉద్దేశ్య విధేయాలు అనే జంట అందరికీ తెలిసినదే. ‘రాముడు రాజు’ అన్నప్పుడు రాముడు ఉద్దేశ్యం, రాజు విధేయం. ఒకరిని గురించి విధించి చెప్పేదే విధేయం. ఇక లోకవ్యవహారంలో ఈ పదం చివరకు బడి సెలవుచీటీ అడుగున ‘ఇట్లు తమ విధేయ విద్యార్థి’గా నిలిచింది. ఆ సంతకం చేసే పిల్లవాడు ఏమి విన్నాడని ఎవరూ అడగరు.

సంస్కృతంలో వినికిడిగల విధేయతకు పదాలు లేకపోలేదు. అమరకోశం విధేయునికి చెప్పిన పర్యాయపదాల్లో ‘వచనేస్థితుడు’, ‘ఆశ్రవుడు’ అనేవి ఉన్నాయి. మొదటివాడు మాటలో నిలిచినవాడు. రెండవవాడు ‘శ్రు’ ధాతువు ఆధారంగా ఏర్పడిన పేరుగలవాడు, అంటే వినేవాడు. ఈ రెండూ తెలుగులో ప్రచారంలోకి రాలేదు. అదే ధాతువుకు కోరికను తెలిపే సన్ ప్రత్యయం చేరగా ఏర్పడిన ‘శుశ్రూష’ మాత్రం వచ్చింది. దాని మూలార్థం వినాలనే కోరిక. గురువు చెప్పేది వినగోరే శిష్యుడు ఆయన దగ్గరే ఉండి పనిపాటలు చేస్తాడు గనుక సేవ అనే అర్థం ఏర్పడింది. ఈనాడు రోగికి చేసే పరిచర్యకు ఆ పదం స్థిరపడింది. లూకా సువిశేషం 10వ అధ్యాయంలో మార్త వంటపనిలో మునిగి ఉండగా, ఆమె సోదరి మరియ యేసు పాదాల చెంత కూర్చొని వింటుంది. ఒకరిది సేవ, మరొకరిది శ్రవణం అని ప్రసంగీకులు వేరుచేసి చెబుతూ ఉంటారు. శుశ్రూష అనే మాటకు మాత్రం ఆ అక్కాచెల్లెళ్లను విడదీయవలసిన అవసరం లేదు.

తెలుగు కతోలిక ఆరాధనలో మరొక క్రియకు విశేష స్థానముంది. అది ‘ఆలకించు’. దివ్యబలిపూజలో విశ్వాసుల ప్రార్థన సాగేటప్పుడు, ప్రతి మనవి చివర సమాజం తమ మొర ఆలకించమని ప్రభువును వేడుకొంటుంది. అంటే ఇక్కడ ఆలకించే కర్త దేవుడు. రాజును ఉద్దేశించి ‘ఆలించి పాలించు’ అని వేడుకొనే పాత తెలుగు సంప్రదాయం ఇందులో వినబడుతుంది. కొద్ది నిమిషాల క్రితమే దివ్యగ్రంథ పఠనంలో అదే సమాజం వినేవారి స్థానంలో కూర్చున్నది. అక్కడ వారు చేసినది వినడం, ఇక్కడ దేవుణ్ణి కోరినది ఆలకించడం. దయతో, ఓపికతో, స్పందించే మనసుతో వినడాన్ని ఆలకించడం అంటారు. గౌరవప్రదమైన ఆ క్రియను మనుషులు దేవునికి కేటాయించి, తమకు సాధారణమైన వినికిడిని ఉంచుకున్నారు. ఈ పంపకం ఎవరూ ఉద్దేశించి చేసినది కాకపోవచ్చు. అయినా వాక్కును ఆలకించవలసిన బాధ్యత మనిషిదీ అన్న సంగతి ఈ వాడుకలో కొంత మరుగునపడుతుంది.

ఇక్కడే మరొక తెలుగు మాటనూ ప్రస్తావించాలి. కథ చెప్పేవాడికి ఎదుట కూర్చున్నవాడు ఊ కొట్టాలి. ఊ కొట్టకపోతే కథ సాగదు. కానీ ‘ఊరికే ఊ కొడుతున్నాడు’ అంటే మనసు ఇక్కడ లేదనీ, అన్నదానికల్లా తలాడిస్తున్నాడనీ అర్థం. మత్తయి సువిశేషం 21వ అధ్యాయంలో తండ్రి ఇద్దరు కుమారులను ద్రాక్షతోటకు వెళ్లమంటాడు. ఒకడు వెళ్లనని చెప్పి, తరువాత మనసు మార్చుకొని వెళతాడు. రెండవవాడు ఎంతో మర్యాదగా సరేనని చెప్పి వెళ్లడు. తెలుగులో చెప్పాలంటే రెండవవాడు ఊ కొట్టాడు, మొదటివాడు మాట విన్నాడు. ఎదురు చెప్పినవాడే మాట విన్నవాడు కావడం ఈ ఉపమానంలోని గడుసుదనం.

3. పలికే దేవుళ్ల నడుమ

సిద్దిపేట ప్రాంతపు గ్రామీణునికి దైవం మాట్లాడుతుందన్న విషయం కొత్తది కాదు. కొమురవెల్లి మల్లన్న జాతరలో శివసత్తుల పూనకాలు ఈ జిల్లాకు చిరపరిచితం. సికింద్రాబాదు ఉజ్జయినీ మహంకాళి బోనాల మరునాడు జరిగే రంగంలో పచ్చికుండపై నిలిచిన స్త్రీ నోట అమ్మవారి భవిష్యవాణిని వేలమంది వింటారు. అక్కడ దైవవాణి ఒక ఘటన. దానికి రోజు, చోటు, గొంతు ఉన్నాయి. వర్షాలు పడతాయా, పంటలు పండుతాయా అన్న ప్రశ్నలకు అది జవాబు చెబుతుంది.

ఈ వాతావరణంలో పెరిగిన కతోలికునికి ‘దేవుని స్వరం వినండి’ అని చెబితే, అటువంటి ఘటననే ఆశించడం సహజం. శ్రీసభ బోధ మరొక దారిలో నడుస్తుంది. దైవావిష్కరణ క్రీస్తునందు సంపూర్ణమైందనీ, ఆ తరువాతి వ్యక్తిగత దర్శనాలు ఎంత పేరుపొందినా విశ్వాసనిధిలో భాగం కావనీ సత్యోపదేశ గ్రంథం స్పష్టంచేస్తుంది. అద్భుత దర్శనాలుగా చెప్పుకొనే ఘటనలను ఎలా పరిశీలించాలో 2024 మే 17న వాటికన్ కొత్త నియమాలను ప్రకటించింది. కతోలికుడు దైవస్వరాన్ని వెదకవలసిన చోట్లు మామూలువి: దివ్యగ్రంథం, శ్రీసభ బోధ, అంతరాత్మ, రోజువారీ సంఘటనలు, ఎదుటి మనిషి. పచ్చికుండపై నిలిచిన గొంతుకంటే వీటిని వినడం కష్టం. ఎందుకంటే ఇవేవీ కేకవేయవు.

దివ్యగ్రంథాన్ని వినే అవకాశం కూడా పూర్తిగా ఎప్పుడూ ఉన్నది కాదు. రెండవ వాటికన్ మహాసభకు ముందు పూజ లాటిన్‌లో జరిగేది. గురువు బలిపీఠం వద్ద ప్రార్థిస్తుండగా జనం తమ జపమాలను తాము చెప్పుకొనేవారు. 1963 డిసెంబరు 4న మహాసభ ఆమోదించిన ఆరాధన నిర్ణయపత్రం ప్రజల భాషలకు దారి తెరిచింది. 1965 నవంబరు 18న వెలువడిన దైవావిష్కరణ నిర్ణయపత్రం తన తొలి వాక్యంలోనే శ్రీసభను దైవవాక్కును భక్తితో వింటున్నదిగా వర్ణిస్తుంది. బోధించడానికి ముందు వినడం అనే క్రమం అక్కడ గమనార్హం. 1969లో రూపొందిన పఠనగ్రంథం ఆదివారాలకు మూడేళ్ల పఠన చక్రాన్ని ఏర్పరచింది. తెలుగులో జెస్విటు గురువు పూదోట జోజయ్య ‘బైబులు భాష్యం’ వంటి రచనలు విన్న వాక్కును ఇంట్లో మళ్లీ చదివి అర్థంచేసుకొనే వీలు కల్పించాయి. తాత లాటిన్ పూజలో జపమాల తిప్పాడు, మనుమరాలు అదే గుడిలో నిలబడి తెలుగులో మొదటి పఠనం చదువుతున్నది. రెండు తరాల్లో జరిగిన ఈ మార్పు చిన్నది కాదు.

4. ఏలీ, సమూవేలు: ఆదివారం వినబడని భాగం

వినడం, విధేయత అనే అంశంపై కతోలిక ప్రసంగాల్లో తరచుగా వచ్చే కథ సమూవేలు మొదటి గ్రంథం 3వ అధ్యాయంలోనిది. బాలుడైన సమూవేలు రాత్రి దేవాలయంలో పడుకొని ఉండగా ఎవరో పిలుస్తారు. ముసలి యాజకుడు ఏలీ పిలిచాడనుకొని పరుగెత్తుతాడు. తెలంగాణ ఇంట్లో అయితే ఆ సంభాషణ ‘పిలిచినవా తాతా?’, ‘పిలువలే బిడ్డా, పోయి పండుకో’ అన్న తీరులో సాగి ఉండేది. ఇలా మూడుసార్లు జరుగుతుంది. మూడవసారి ఏలీకి విషయం తడుతుంది. మళ్లీ పిలుపు వస్తే ఏమని బదులు చెప్పాలో బాలునికి నేర్పి పంపిస్తాడు.

ఇందులో సాధారణంగా సమూవేలు విధేయతనే మెచ్చుకొంటారు. పిలవగానే లేచాడు, పెద్దాయన దగ్గరకు పరుగెత్తాడు. నిజమే. కానీ ఆ మూడుసార్లూ అతడు వెళ్లినది తప్పు చోటికి. మంచి పిల్లవాడు, మంచి బుద్ధి, చురుకైన విధేయత అన్నీ ఉన్నా పిలిచిన స్వరమెవరిదో తెలియలేదు. ఇంట్లో ఆజ్ఞలన్నీ ఒకే పెద్దమనిషి నుంచి వస్తున్నప్పుడు, దేవుని పిలుపు కూడా ఆ పెద్దమనిషి గొంతులాగే వినబడుతుంది. ఏలీ గొప్పతనం ఇక్కడ ఉంది. మూడవసారి పరుగెత్తుకొచ్చిన పిల్లవాణ్ణి ఆయన తన పనికి వాడుకోలేదు. ‘పిలిచినది నేను కాదు’ అని చెప్పగలిగాడు. మతాధికారికి, ఇంటి పెద్దకు ఈ వాక్యం నోట రావడం ఎంత కష్టమో వేరే చెప్పనక్కరలేదు.

అయితే కథ అక్కడ ముగియలేదు. ఆ రాత్రి సమూవేలు విన్న సందేశం ఏలీ వంశానికి వ్యతిరేకమైనది. కుమారుల దుర్మార్గం తెలిసీ వారిని అడ్డుకోనందుకు ఏలీ ఇంటిపై తీర్పు వచ్చిందని దేవుడు చెబుతాడు. తెల్లవారి బాలుడు దాన్ని చెప్పడానికి భయపడతాడు. ఏలీయే పిలిచి, ఏదీ దాచవద్దని ఒట్టుపెట్టి అడుగుతాడు. పిల్లవాడు అంతా చెబుతాడు. ముసలి యాజకుడు తనకు ప్రతికూలమైన ఆ మాటను ప్రభువు మాటగా అంగీకరిస్తాడు. అప్పటివరకు పిల్లవాడు పెద్దాయన మాట విన్నాడు. ఇప్పుడు పెద్దాయన పిల్లవాని మాట విన్నాడు.

ఆదివారం పూజలో ఈ రెండవ సగం వినబడదు. మూడేళ్ల చక్రంలో ‘బి’ సంవత్సరపు సామాన్యకాల రెండవ ఆదివారానికి నిర్ణయించిన పఠనం 3వ వచనం మధ్యలో మొదలై 10వ వచనంతో ఆగి, అక్కడినుంచి 19వ వచనానికి దూకుతుంది. సరి సంవత్సరాల్లో వారం మధ్య రోజున ఇదే అధ్యాయం వచ్చినప్పుడూ 11 నుంచి 18 వరకు వచనాలు విడిచిపెట్టబడతాయి. 2024లో ఆ ఆదివారం జనవరి 14న, భోగినాడు వచ్చింది. తెల్లవారుజామున మంటలు వేసుకొని గుడికి వెళ్లిన కుటుంబాలు బాలుని విధేయతను విని ఇంటికి వచ్చాయి. బాలుడు పెద్దవాని ముఖంమీద నిజం చెప్పిన భాగం వారికి వినబడలేదు. పఠనాలను కుదించడానికి నిడివి మొదలైన కారణాలు ఉండవచ్చు, అందులో దురుద్దేశాన్ని వెదకడం న్యాయం కాదు. కానీ బైబులును గుడిలో మాత్రమే వినే కుటుంబానికి సమూవేలు జీవితాంతం పెద్దల పిలుపుకు పరుగెత్తే మంచి పిల్లవాడిగానే మిగిలిపోతాడు. ఫలితం చిన్నది కాదు. ఆ ఎనిమిది వచనాల కోసం పవిత్రగ్రంథాన్ని ఇంట్లో తెరవాలి.

శ్రీసభ చట్టం ఈ కథ రెండవ సగానికి దగ్గరగా ఉంది. 1983 నాటి ధర్మశాసన సంహిత 212వ నిబంధన కాపరుల బోధకు విశ్వాసులు విధేయులై ఉండాలని చెబుతూనే, తమ అవసరాలను, కోరికలను వారికి తెలిపే స్వేచ్ఛ విశ్వాసులకు ఉందని ప్రకటిస్తుంది. శ్రీసభ మేలుకు సంబంధించిన విషయాలపై తమ జ్ఞానానికి తగినట్టు అభిప్రాయం చెప్పడం హక్కు మాత్రమే కాదు, కొన్నిసార్లు కర్తవ్యం కూడా అని అంటుంది. 2021లో మొదలై 2024 అక్టోబరులో ముగిసిన సినడ్ ప్రక్రియ అంతా వినడం అనే మాట చుట్టూనే తిరిగింది. భారత కతోలిక పీఠాధిపతుల సమాఖ్య 2016 డిసెంబరు 13న విడుదల చేసిన దళిత సాధికారత విధానపత్రం, శ్రీసభ లోపల కులవివక్ష ఉన్నదని ఒప్పుకొన్నది. ఏళ్ల తరబడి చిన్నవారు చెబుతూ వచ్చిన మాటను పెద్దలు ప్రభువు మాటగా వినడం ఎలా ఉంటుందో అటువంటి పత్రాల్లో కొంత కనిపిస్తుంది. అమలు వేరే విషయం.

5. త్రికాల ప్రార్థన, ‘దాసి’ అనే మాట

ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం గంట మోగినప్పుడు చెప్పే త్రికాల ప్రార్థన మరియమాతకు దేవదూత శుభవార్త తెలిపిన ఘట్టాన్ని స్మరిస్తుంది. దూత చెప్పాడు, ఆమె అంగీకరించింది, వాక్కు శరీరధారి అయింది అన్న మూడు మెట్లలో ప్రార్థన సాగుతుంది. వినడం, విధేయత అనే జంటకు ఇంతకంటే సంక్షిప్త రూపం దొరకదు. అయితే ఇక్కడా ఒకటి తగ్గింది. లూకా సువిశేషం 1వ అధ్యాయంలో మరియ వెంటనే సరే అనలేదు. మొదట కలత చెందింది, ఈ పలకరింపు ఏమిటని ఆలోచించింది, తరువాత ఇది ఎలా జరుగుతుందని అడిగింది. జవాబు విన్నాకే సమ్మతి తెలిపింది. మార్చి 25న మంగళవార్త పండుగ సువిశేషంలో ఈ ప్రశ్న ఉంది. దినానికి మూడుసార్లు చెప్పే ప్రార్థనలో లేదు. ప్రార్థన క్లుప్తంగా ఉండాలి నిజమే, కానీ నోటికి వచ్చినదే మనసులో నిలుస్తుంది. ప్రశ్న వేయకుండా ఒప్పుకొన్న మరియ నిలిచింది, అడిగి ఒప్పుకొన్న మరియ వెనుకబడింది.

ఆ సమ్మతిలో మరియ తన్ను తాను ప్రభువు దాసురాలిగా చెప్పుకొంటుంది. ఈ మాట తెలంగాణలో పడే తీరు వేరు. గడీల కాలంలో దొరల ఇళ్లలో ఆడబాపలు ఉండేవారు. దొరబిడ్డ పెళ్లై వెళ్లేటప్పుడు ఆమెతోపాటు పంపబడి, జీవితమంతా ఆ ఇంటి చాకిరికి, దొర ఇష్టానికి కట్టుబడిన స్త్రీలు వారు. 1988లో బి. నర్సింగరావు తీసిన ‘దాసి’ చిత్రం వారి బతుకునే చూపింది. ఆ దర్శకుని స్వస్థలమైన ప్రజ్ఞాపూర్ గజ్వేల్ పక్కనే ఉంది, మర్కూక్‌కు ఎంతో దూరం కాదు. ‘నీ బాంచెన్ కాల్మొక్త’ అనే మాట వెట్టి కాలపు విధేయతకు ఈ నేల ఇచ్చిన రూపం. 1946 నుంచి 1951 వరకు సాగిన సాయుధపోరాటం ఆ మాటను తిరగబడిన మాటగా మార్చింది. ఇటువంటి చోట దాసురాలు, విధేయత అనే పదాలను వ్యాఖ్య లేకుండా వాడితే వినేవారి చెవిలో ఏ పాత గొంతు మేల్కొంటుందో ప్రసంగీకుడు ఆలోచించాలి.

బైబులు దాసి, గడీ దాసి ఒకరు కారని చూపడానికి పెద్ద వాదం అవసరం లేదు. గడీలో దాసిని ఎవరూ అడగరు. నజరేతులో దూత వచ్చి చెప్పాడు, ఆమె ప్రశ్నకు జవాబిచ్చాడు, ఆమె సమ్మతి కోసం ఆగాడు. బాంచెన్ అన్నవాడికి ప్రశ్న వేసే వీలు లేదు. కనుక మరియ ప్రశ్నను దాటవేసిన ప్రతి ప్రసంగమూ తెలియకుండానే ఆమెను గడీకి దగ్గర చేస్తుంది. ఆ వెంటనే ఆమె ఎలిసబేతమ్మ ఇంటికి వెళ్లి పాడిన స్తుతిగీతం బలవంతులు పడద్రోయబడటాన్ని, దీనులు లేవనెత్తబడటాన్ని కీర్తిస్తుందన్న సంగతి ఇక్కడ గుర్తుచేసుకోదగినది. శ్రీసభ ప్రతి సాయంకాల ప్రార్థనలోనూ ఆ గీతాన్ని ఉంచింది.

6. ఇంటి పెద్ద మాట

ఈ భేదం నిత్యజీవితంలో ఎక్కడ తేలుతుందో చూడటానికి ఒక ఊహాసన్నివేశం చాలు. హైదరాబాదుకు చేరువైన ఈ మండలాల్లో భూమి ధర పెరిగిన కొద్దీ ఆడపడుచు సంతకం విలువా పెరిగింది. వీలునామా రాయకుండా తండ్రి మరణించిన ఒక కతోలిక కుటుంబాన్ని తీసుకుందాం. 1925 నాటి భారత వారసత్వ చట్టం ప్రకారం కొడుకుకూ కూతురికీ వాటా సమానం. కానీ పెళ్లినాడే కట్నం ఇచ్చామన్న వాదంతో, వాటా వదులుకొన్నట్టు పత్రంపై సంతకం చేయమని అన్న అడుగుతాడు. తల్లి కూడా ‘అన్న మాట ఇను బిడ్డా’ అంటుంది. అవసరమైతే నాలుగవ ఆజ్ఞను గుర్తుచేస్తారు. తల్లిదండ్రులను గౌరవించమన్న దైవాజ్ఞ ఈ విధంగా రిజిస్ట్రేషను కాగితంలోకి వస్తుంది.

ఆ చెల్లెలు ఎవరి మాట వినాలి? సత్యోపదేశ గ్రంథం 2217వ పేరా దీనికి సూటిగా జవాబిస్తుంది. ఇంట్లో తల్లిదండ్రుల పోషణలో ఉన్నంతకాలం పిల్లలు విధేయులై ఉండాలి. అప్పుడైనా ఒక ఆజ్ఞ అధర్మమని అంతరాత్మ చెబితే పాటించకూడదు. పిల్లలు స్వతంత్రులయ్యాక విధేయత బాధ్యత ముగుస్తుంది, గౌరవం మాత్రం ఎప్పటికీ ఉంటుంది. పెళ్లై, పిల్లల తల్లి అయిన స్త్రీకి అన్న మాట దైవాజ్ఞ కాదు. అన్నకు ఆ ఆజ్ఞ ఏ కాలంలోనూ వర్తించలేదు కూడా. నిశ్చయమైన అంతరాత్మ నిర్ణయాన్ని మనిషి పాటించాలని 1790వ పేరా చెబుతుంది. అయితే ఆ అంతరాత్మ పొరబడవచ్చునని, దానిని వాక్కుతో, ప్రార్థనతో, ఇతరుల సలహాతో తీర్చిదిద్దుకోవాలని ఆ పరిసర పేరాలే హెచ్చరిస్తాయి. నాకు తోచిందే దేవుని స్వరం అనుకోవడానికి అక్కడ చోటు లేదు. ఆమె ఇష్టపూర్వకంగా వాటా వదులుకోవచ్చు, అది దానం. భయంతో వదులుకొంటే అది దానం కాదు. దానిని దేవునికి విధేయత అని పిలవడం మాత్రం తప్పు.

ఆ అన్న సంగతి వేరు. అతడు ఆదివారం పూజకు వెళతాడు, తపస్సు కాలంలో సిలువ మార్గం చేస్తాడు, పండుగకు ముందు పాపసంకీర్తనానికి సిద్ధపడతాడు. ఆత్మశోధనలో పూజ తప్పిన ఆదివారాలు, తాగిన రోజులు, అన్న బూతుమాటలు లెక్కకు వస్తాయి. పొలం కాగితం రాదు, ఎందుకంటే అది ఇంటి వ్యవహారం. ‘సంకీర్తనం’ అంటే గొంతెత్తి చెప్పడం. చెప్పినదాన్నే గురువు వింటాడు. ఎప్పుడో ఒకసారి ఆ మాట అతని నోట వస్తే, దొంగిలరాదన్న ఏడవ ఆజ్ఞ కింద శ్రీసభ బోధించే నష్టపరిహార ధర్మం ముందుకు వస్తుంది. అన్యాయంగా తీసుకొన్నది తిరిగి ఇవ్వాలి. గురువు విధించే ప్రాయశ్చిత్త జపాలను మోకాళ్లమీద ఆ సాయంత్రమే ముగించవచ్చు. చెల్లెలి వాటా మాత్రం తహసీల్దారు కార్యాలయంలో, ఆమె పేరుమీద పాసుపుస్తకం వచ్చేదాకా ముగియదు.